బొంత అంచున జానెడు మడత

తాతయ్య పోయారన్న కబురు అందేసరికి నా రెండు చేతుల్లోనూ ఆయన కోసం తెస్తున్న పాత చీరల మూటలున్నాయి. తాడేపల్లిగూడెం స్టేషనులో ఏలూరు పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. ఫోను గార్డుగారికి వచ్చింది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరై ఆ ఊళ్లోనే స్థిరపడిన పెద్దాయన, తాతయ్యకు ప్రయాణాల్లో తోడు. విని, ఫోను జేబులో పెట్టుకుని, "మూటలు కింద పెట్టమ్మా" అన్నారు. పెట్టాక చెప్పారు. పొద్దున నమాజు చేసుకుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్లీ లేవలేదు.

భీమడోలు దాటేదాకా నేను ఆ మూటల్నే చూస్తూ కూర్చున్నాను. ఇవి ఇప్పుడు ఎవరికి ఇవ్వాలి అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఏలూరు వన్‌టౌన్‌లో మా ఎదురింట్లో టైలరు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక రెండు గదుల్లో ఆయనా, మామ్మగారూ. మా వీధిలో పిల్లలందరి యూనిఫారాలూ ఆయన చేతివే. ఎవరి చొక్కా అయినా చేతుల దగ్గర, అడుగు అంచు దగ్గర గుడ్డ లోపలికి మడిచి వదిలేవారు. "పిల్లల బట్ట ఇవాళ్టి కొలతకి కుట్టకూడదమ్మడూ. వచ్చే ఏటి కొలత కూడా లోపల దాచిపెట్టాలి" అనేవారు. నా ఆరో తరగతి గౌను ఎనిమిదిదాకా వచ్చింది. అప్పట్లో నాకది నామోషీగా ఉండేది.

ఈ టైలరు నేపాల్ కొండల్లో ఉన్న ఒక అనాథ పిల్లల ఆశ్రమానికి మూటలు మోసుకెళ్లేవారన్న సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఏదో యాత్రకి వెళ్తారనుకునేవారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదలైంది మా వీధి గూర్ఖాతో. ఒకటో తారీఖున ఇంటింటికీ వచ్చి, చివరికి తాతయ్య అరుగు మీద కూర్చుని టీ తాగేవాడు. ఒకసారి చిరిగిన ఖాకీ చొక్కా కుట్టించుకుంటూ, తాను అమ్మా నాన్నా లేక కొండల్లో ఓ ఆశ్రమంలో పెరిగానని, అక్కడి పిల్లలకు ఇప్పటికీ సరైన పక్కలు లేవని చెప్పాడు. తాతయ్య సూది ఆపి విన్నారట. పక్క లేదంటే మన వైపు మనిషికి మొదట గుర్తొచ్చేదేమిటి? దోమలు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషాయన. దోమతెర లేకుండా పసిపిల్లలు ఎలా నిద్రపోతారన్నదే ఆయన బాధ. లంక గ్రామాలకు బస్సులో తిరిగి సంగతి చెబితే ఆడవాళ్లు తలా ఒక చెయ్యి వేశారు. నైలాను గుడ్డ కొని, మంచానికొకటి లెక్కన దోమతెరలు కుట్టారు, ఎర్ర అంచులు పెట్టి మరీ. గార్డుగారు రైలు మార్గం చూశారు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి సరిహద్దుకి బస్సు, ఆ తరవాత కొండలు. గూర్ఖా దారి చూపించాడు.

వాళ్లు వెళ్లింది నడి చలికాలం. మూట విప్పి మొదటి దోమతెర ఎత్తి పట్టుకుంటే పిల్లలు దాని కింద దూరి పెళ్లికూతురి ఆట మొదలుపెట్టారట. ఆశ్రమం నడిపే ఆవిణ్ణి అందరూ దీదీ అంటారు. ఆవిడ కాసేపు మొహమాటపడి, చివరికి నవ్వాపుకోలేక, "బాబా, ఈ చలికి ఇక్కడ దోమ కూడా బతకదు" అందిట.

ఈ కథ తాతయ్య మా అందరికీ ఎన్నిసార్లు చెప్పారో. "మెట్ల మీద కూలబడ్డాను. ఒంటి మీద స్వెట్టరు లేదు, చేతిలో దోమతెర. నా అంత తెలివైనవాడు రెండు దేశాల్లోనూ ఉండడనిపించింది" అనేవారు. కానీ కూలబడి ఊరుకునే మనిషి కాదు. పెరట్లో పిల్లలు రెండేసి రాళ్లు పెట్టి బంతాట ఆడుతున్నారు. ఒక దోమతెర నాలుగు మడతలు వేసి, మూటలు కట్టి తెచ్చిన తాడు అంచులకు కుట్టి, రెండు గెడలకు కట్టేశారు. గోలుకు వల తయారు. రెండోవైపూ అంతే. మిగిలినవన్నీ తిరుగుదారిలో, కొండల కింద దోమలున్న ఊళ్లో, ఇంకో పిల్లల ఆశ్రమంలో ఇచ్చి వచ్చారు.

వచ్చాక ఆయన చేసిన పని నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. "ఇచ్చినవాళ్లకి ఎందుకండీ చెప్పడం? పిల్లలు సంతోషించారని ఓ మాటనేస్తే పోలా" అన్నారు గార్డుగారు. తాతయ్య వినలేదు. మళ్లీ బస్సెక్కి, ఆ లంకలన్నీ తిరిగి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పారు. ఒకరోజు నన్నూ తీసుకెళ్లారు. చేపల చెరువు గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న ఒకావిడతో, "మీరిచ్చిన దోమతెర అక్కడ పనికిరాలేదమ్మా. తప్పు నాది. ముందు అడగాల్సింది" అన్నారు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, "అయ్యో, ఆ మాట ముందే చెప్తే మా దోమల్ని కూడా ఓ బస్తాడు పంపేవాళ్లం కదండీ!" అంది. గట్టు మీదున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. తాతయ్యా నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు మా చేతిలో రెండు పాత నూలు చీరలున్నాయి, మేం అడక్కుండానే. "ఈసారి చలికి పనికొచ్చేదే కుట్టండి" అంది ఆవిడ.

అప్పటినుంచి నాకొక ఉద్యోగం దొరికింది. దీదీకి ఫోనులో ఇంగ్లీషులో మెసేజీలు రాయడం. తాతయ్య తెలుగులో చెప్పేవారు. మొదటిసారి నేను "మీకు ఏం కావాలి?" అని రాస్తే చెరిపించారు. "ఏం కావాలంటే మొహమాటపడి ఏమీ వద్దంటారమ్మడూ. ఏమేం ఉన్నాయి అని అడుగు." అలాగే అడిగాను. జవాబు వచ్చింది: రెండు మంచాలకు ఒక దుప్పటి. ఆయన ఆ మాట రెండుసార్లు చదివించుకున్నారు. అప్పుడే మాటిచ్చారు, ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి బిడ్డకీ, చలి ముదరకముందే, ఎవరితోనూ పంచుకోనక్కర్లేని సొంత బొంత ఒకటి అందుతుందని.

మరుసటి ఏడు కరోనాతో దారులన్నీ మూతపడ్డాయి. ఆ ఏడాదంతా ఆయనా మామ్మగారూ బొంతలే కుట్టారు. పైనా కిందా నూలు చీరలు, మధ్యలో మా ఊళ్లో తివాచీలు నేసే ఇళ్లనుంచి తెచ్చిన ఉన్ని ముక్కలు. ప్రతి బొంతకీ కాళ్లవైపు జానెడు లోపలికి మడిచి, ఆకుపచ్చ దారంతో వదులుగా కుట్టేవారు. పిల్లలు ఎదిగాక ఆ దారం లాగేస్తే బొంత కూడా ఎదుగుతుందన్నమాట. మా అమ్మ తన నెమలికంఠం రంగు చీర ఇచ్చింది, అంచు చిరిగిందని. దారులు తెరిచాక ఆ బొంతలన్నీ తాతయ్యా గార్డుగారూ కొండలకు చేర్చారు. ఆ తరవాత అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో, "నా చీర నేపాలు చూసేసిందండి. నేనింకా విజయవాడ దాటలేదు" అని చెప్పుకునేది.

నేను ఇంటర్లో ఉండగా పదాల పిచ్చి పట్టింది. కొత్తమాట కనిపిస్తే ఎక్కడో ఒకచోట వాడేయాలి. దీదీకి మెసేజీలో కూడా హిమాలయాలనీ, కరుణా సముద్రమనీ రాసేదాన్ని. తాతయ్య అర్థం చెప్పించుకుని, కళ్లజోడు పైనుంచి చూసేవారు. "గుడ్డ ఎక్కువైతే చొక్కా అవదమ్మడూ, గోనె అవుద్ది. కత్తిరించు." ఇవాళ ఈ కాగితం మీద కూడా చాలానే కత్తిరించాను. కాలేజీలో నేర్చుకున్నదానికన్నా ఆ మిషను పక్కన పీట మీద కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువేమో.

ఒక చేపల చెరువుల ఆసామి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కొత్త రగ్గులు లారీడు ఇస్తాననీ, ఒక్కోదాని మీదా తన పేరు అచ్చు వేయించాలనీ అన్నారు.

"పేరుంటే తప్పేంటండీ?" అని ఆయన.

"తప్పేం లేదండి," అన్నారు తాతయ్య దారం కొరుకుతూ. "చిన్నపిల్లలు కదండీ, పక్క తడిపేస్తారు. రోజూ మీ పేరే తడుస్తాదే అని ఆలోచిస్తన్నానండి."

ఆసామి ఎంత నవ్వారంటే వీధిలో జనం ఆగి చూశారు. పేరు లేకుండానే రగ్గులు వచ్చాయి. మూటలు స్టేషనుకి చేర్చడానికి ఏటా ఆయన బండే వచ్చేది. ఆ రోజు ఆసామి వెళ్లాక తాతయ్య నాతో మెల్లగా అన్నారు: "కప్పుకున్నప్పుడల్లా ఆ బిడ్డ ఇంకొకళ్ల పేరు మొయ్యాలా?"

ఈ ఏడు ఆశ్రమానికి పదకొండుమంది కొత్త పిల్లలు వచ్చారు. తాతయ్య చీరలు కత్తిరించి, పదకొండు దొంతరలుగా పేర్చి, రెండు మాత్రమే కుట్టారు. మిగిలిన తొమ్మిది మిషను పక్కనే ఉండిపోయాయి. చలి వచ్చేస్తోంది. ఆయన ఇచ్చిన మాటకు అదొక్కటే గడువు.

ఖననమైన నాలుగో రోజు తాడేపల్లిగూడెం మూటలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. భర్త పోయిన ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదని వాళ్ల ఆచారం. మామ్మగారిని కదిలించడానికి నోరు రాలేదు. ఆవిడే మూటలు అందుకుని, "ఆ మిషను లోపలి గదిలోకి జరిపించు" అన్నారు.

"ఇప్పుడెందుకు మామ్మగారూ, కొన్నాళ్లు ఆగి..."

"గడప దాటకూడదన్నారు గానీ, మిషను తొక్కకూడదని ఎవరూ అన్లేదుగా అమ్మడూ. ఆయన మాట ఆయనతో పోకూడదు."

ఆవిడ మిషను తొక్కారు. నేనూ మా అమ్మా చేతికుట్టు కుట్టాం. నా కుట్లు వంకర పోతే ఆవిడ విప్పించేవారు. ఇక తీసుకెళ్లేది ఎవరు? గార్డుగారికి మోకాళ్ల నొప్పులు, ఒక్కరే మోయలేరు. నేను వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు. పరీక్షలన్నారు, దేశం కాని దేశమన్నారు. అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే, "నా చీర వెళ్లిందండి. నా కూతురు వెళ్లలేదా?" అంది. మర్నాడు నాన్న నాకు స్వెట్టరు కొనుక్కొచ్చారు.

బయలుదేరేముందు మామ్మగారు తాతయ్య చిన్న కత్తెర నా చేతిలో పెట్టారు. దారాలు తెంపడానికి ఆయన ఎప్పుడూ జేబులో ఉంచుకునేది.

కొండ మీద బస్సు దిగి, మూటలు మోసుకుంటూ ఆశ్రమం పెరట్లోకి వెళ్లగానే మొదట కనిపించింది ఆ వల. ఒకవైపు గోలుది ఎప్పుడో పోయింది. రెండోవైపుది మాత్రం చిరుగుల మీద ముళ్లతో, ఎర్ర అంచు వెలిసిపోయి, ఇంకా గెడలకు వేలాడుతోంది. ఇన్నేళ్లూ ఆ గోలు వల సంగతి మాత్రం నవ్వించడానికి కలిపి చెప్పిందే అనుకున్నాను. గార్డుగారు దగ్గరికెళ్లి ఆ వలను ఒకసారి చేత్తో తడిమారు.

కొత్తపిల్లలు పదకొండుమందికీ బొంతలు అందాయి. అందరూ అందుకున్నాక కూడా ఒక అమ్మాయి వెళ్లకుండా నిలబడింది. పదేళ్లు దాటి ఉంటాయి. చంకలో పాత బొంత, మొదటిసారి తాతయ్య తెచ్చినవాటిలోది, ఉతికి ఎండేసి బూడిదరంగుకి వచ్చేసింది. అది నా ముందు పరిచి, పడుకుని చూపించింది. పాదాలు రెండూ బయటికి వచ్చేశాయి.

దీదీ చెబుతుంటే గార్డుగారు నాకు తెలుగులో చెప్పారు. కాళ్లు బయటికి వచ్చిన రోజు తానే వచ్చి మడత విప్పుతానని బాబా ఈ పిల్లకు చెప్పారట. కిందటి చలికాలం చివర్లోనే కాళ్లు వచ్చేశాయట. ఎవరు విప్పుతామన్నా ముట్టుకోనివ్వలేదట.

నేను కింద కూర్చుని కత్తెర తీశాను. ఆ కత్తెర చూడగానే ఆ పిల్ల గుర్తుపట్టింది. బొంత నా ఒళ్లోకి జరిపింది. ఆకుపచ్చ దారం ఒక్కచోట తెంపి లాగాను. ఆయన చెప్పినట్టే, ఆగకుండా అంచు పొడుగునా వచ్చేసింది. మడత విప్పాను.

ఎండ తగలని ఆ జానెడు గుడ్డ నెమలికంఠం రంగులో మెరిసింది, మా ఇంటి దండెం మీద నేను చిన్నప్పుడు చూసిన రంగు. ఆ పిల్ల మళ్లీ పడుకుని, రెండు పాదాలూ ఆ రంగు కిందికి దూర్చుకుంది.