అక్క వేసుకున్న సన్నబడే మాత్ర

మా అక్క తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. బీపీకి ఏలూరు డాక్టరొకరు మందులు రాసేవారు. బావ పోయాక దిగులు పట్టుకుంటే, మానసిక వైద్యుడు ఇంకో మాత్ర ఇచ్చారు. ఆ రెండేళ్లలో ఒళ్లు చేసింది. తోటి టీచరు చెప్పిందని ఊళ్లో కొత్తగా తెరిచిన సన్నబడే క్లినిక్‌కి వెళ్లింది. వాళ్లిచ్చిన మాత్రతో ఆకలి చచ్చిపోయింది, ఎక్కడలేని హుషారొచ్చింది.

"అన్నీ కలిపి వేసుకోవచ్చా అక్కా?" అనడిగాను.

"డాక్టర్లు ఇచ్చినవే కదే," అంది. నాకూ నిజమే అనిపించింది.

మూడో వారంలో, పాఠం చెబుతూ బోర్డు దగ్గరే కూలబడింది. ఏలూరు ఆస్పత్రిలో చేర్చారు. కైకలూరు నుంచి బస్సులో నేను వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది, కాళ్లు అదురుతున్నాయి, మాటలు పొంతన లేకుండా వస్తున్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగింది, "ఈవిడ ఏమేం మందులు వాడుతున్నారండీ? ఒక్కటీ వదలకుండా చూపించండి."

అక్క హ్యాండ్‌బ్యాగు మంచం మీద బోర్లించాను. డాక్టరమ్మ అందులోంచి రెండు మాత్రల అట్టలు వేరుగా తీసింది.

"ఈ సన్నబడే మందు బీపీని, గుండె వేగాన్ని పెంచుతుందండీ. ఈవిడకి ఇవ్వకూడదు. పైగా ఈ దిగులు మందుతో కలిస్తే ప్రాణానికే ప్రమాదం."

ఆ రెండూ ఆపించి వైద్యం చేశారు. నాలుగో రోజుకి అక్క నన్ను గుర్తుపట్టి కాఫీ అడిగింది. ఆ మధ్యాహ్నమే నేను తాడేపల్లిగూడెంలో ఆ సన్నబడే క్లినిక్‌కి వెళ్లాను.

"మాకు చెప్పలేదండీ ఆవిడ," అన్నాడు అక్కడి డాక్టరు.

"మీరు అడిగారా?"

"ఫారంలో రాయమంటామండీ."

ఫారం చూపించమన్నాను. ఇష్టం లేకపోయినా తీయించాడు. అందులో అక్క గుండ్రటి అక్షరాలతో బీపీ ఉందని రాసి ఉంది. కింద తను వాడే మందుల పేర్లన్నీ ఉన్నాయి.

"చదవడానికి కాకపోతే ఎందుకు రాయించుకున్నారండీ?"

ఆయన ఫారం మడిచి సొరుగులో పెట్టుకుని, "డోసు చిన్నదేనండీ," అన్నాడు.

జిల్లా వైద్య కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చాను. విచారిస్తామన్నారు. ఎవరూ రాలేదు. అక్క మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టింది, కానీ మెట్లెక్కితే ఇప్పటికీ ఆగి ఆగి ఎక్కుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం, "ఈ వయసులో సన్నబడాలన్న యావ ఎందుకండీ?" అని అక్కనే అడిగారు. ఆ క్లినిక్ డాక్టర్ని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.