మాలిపువో కోళ్ల బేరం

ఆఫ్రికాలోని లెసోతో దేశపు కొండల్లో ఉన్న మా ఆసుపత్రిలో మాలిపువో నర్సేమీ కాదు. హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు తోడుగా ఉండి ధైర్యం చెప్పే మనిషి. ఆ జబ్బు తనకూ ఉంది, కూతురికి మాత్రం రాలేదు. ఆవిడ గొంతెత్తితే లోయ అవతలి గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి. గుట్టు దాచే పని ఈవిడకా అని మేం నవ్వుకునేవాళ్ళం. కానీ ఒక్క తల్లి పేరూ ఆవిడ నోరు దాటలేదు.

ఒకరోజు న్తాతి అనే బాలింత వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అక్కా, నాకు జబ్బుందని మా ఆయనకు తెలుసు గానీ ఆయన దూరాన గనుల్లో పనికి వెళ్ళాడు. అత్తకు తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తుంది. పిల్లకు జబ్బు అంటకుండా ఇచ్చిన మందు దాచలేక చస్తున్నాను. పైగా నెల పిల్లకు జొన్న జావ పడతానంటోంది.”

“ఆరు నెలలూ నీ పాలే. మధ్యలో జావ కలిస్తే పిల్లకు జబ్బు అంటే ముప్పు పెరుగుతుంది. నీ మాత్రలు నువ్వు వేసుకో, పిల్లకు మందు పట్టు. మీ అత్తను నేను చూసుకుంటా.”

మర్నాడే మాలిపువో గుర్రమెక్కి కోడి కొనే నెపంతో ఆ ఇంటికి వెళ్ళింది. అత్త మాఖోత్సోను పెరట్లో బేరంతో కట్టిపడేస్తే, లోపల న్తాతి పిల్లకు మందు పట్టింది. జావ గిన్నె బయటికొచ్చేసరికి, “అబ్బ, ఆకలి దంచేస్తోంది!” అని మాలిపువోయే గటగటా తాగేసింది. రోజూ ఇదే తంతు.

అయిదో వారం మాఖోత్సో నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

“ఏమే, నీ కన్ను కోడి మీద కాదు, పెళ్ళాం పోయిన మా తమ్ముడి మీద. అవునా?”

కాదంటే మరెందుకొస్తున్నావని అడుగుతుంది. మాలిపువో సిగ్గు నటించి తల దించుకుంది. ఆ తమ్ముడు అప్పట్నుంచి గడ్డం గీసుకుని, పండగలకు వేసుకునే కొత్త దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడేవాడు.

ఒక పొద్దున న్తాతి జొన్నబస్తా అడుగున దాచిన తన మాత్రల కోసం చెయ్యి పెడితే ఒకటికి బదులు ఒకేలాంటివి రెండు డబ్బాలు తగిలాయి. వెనక అత్త నిలబడి ఉంది.

“అది నాది!” అంది మాఖోత్సో, నోరు జారి.

“మరి ఇది నాది, అత్తయ్యా.”

మాఖోత్సో బస్తా పక్కనే చతికిలబడింది.

“ఎన్నాళ్ళ నుంచే?”

“కడుపుతో ఉన్నప్పటి నుంచి. మరి మీకు?”

“నీ పెళ్ళికి ముందు నుంచీ. నీకు తెలుస్తుందని రెండు కొండలు దాటిపోయి తెచ్చుకుంటున్నానే, పిచ్చిదానా!”

ఇద్దరూ ఏడవబోయి నవ్వేశారు. ఆనాటి నుంచి పిల్ల మందు వేళ అయిందని ఇల్లంతా అదరగొట్టేది మాఖోత్సోయే. ఇక జావ మాటే ఎత్తలేదు.

ఏడాదిన్నరకు ఆఖరి పరీక్ష చేశారు. పిల్లకు జబ్బు లేదని నర్సు చెప్పింది. మాఖోత్సో మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా అదే మాట విన్నాక, పిల్లను తన వీపుకే కట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా ఇంటిదాకా మోసింది.