గాలి తొడుగుతో లక్ష వత్తులు

నేను కుడిచెయ్యి ఎత్తబోతే ఇంట్లో ముందు మిగతావాళ్ళ చేతులు లేస్తాయి. గ్లాసు అందుకుందామనుకునేలోపే అది నా నోటి దగ్గర ఉంటుంది. కొంగు సర్దుకుందామంటే కోడలు సర్దేసి పోతుంది. ఇంత ప్రేమగా చూసుకునే ఇల్లు ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. కానీ ఆ దండం కూడా ఒంటిచేత్తోనే పెట్టుకోవలసి వస్తే విసుగు రాదా?

పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే తేరుకుంది, కుడిచెయ్యి తేరుకోలేదు; వేళ్ళు కాస్త ఆడతాయి గానీ చెయ్యి పైకి లేవదు. అప్పటికి నేను లక్షవత్తుల నోము పట్టి ఉన్నాను. లక్ష వత్తులు నా చేత్తో చేసి దేవుడి ముందు వెలిగించాలి. ఇంకా కొన్ని వేలే మిగిలాయి. నన్ను బడికి పంపని మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలూ వత్తులూ ఒకేసారి నేర్పింది. ఇంకొకరితో చేయించుకుంటే అది నోము కాదు, బజారులో కొన్న ప్యాకెట్టు.

రాయచూరులో చికిత్సకు వెళ్ళే చోట ఒక మెత్తటి తొడుగు ఇచ్చారు, ఒక నెల వాడుకోమని. భుజం నుంచి మణికట్టు దాకా అంతా బట్టే. చంక కింద గాలి సంచులుంటాయి. నడుముకు కట్టుకున్న చిన్న పంపు బుస్సుమనగానే అవి ఉబ్బి చేతిని కింది నుంచి లేపుతాయి.

"నిధానంగ అమ్మా. మీరు ఎత్తితేనే అది ఎత్తుతది. మీరు ఊరికె కూసుంటే అది గూడ కూసుంటది," అంది కసరత్తు నేర్పే కన్నడ అమ్మాయి.

చెయ్యి గుండె ముందర నిలబడింది. ఎడమచేతిలో దూది పట్టుకుని, కుడివేళ్ళతో మొన మెలితిప్పాను. మొదటి వత్తి అయ్యేసరికి టీ చల్లారిపోయింది. రోజుకు పది చేస్తే గొప్ప.

పక్కింట్లో మా ఆయన అక్క ఉంటుంది. ఆమెకు ఇది పెద్ద వేడుక.

"ఏందే మరదలా, వత్తి నువ్వు జేస్తున్నవా, మిషిన్ జేస్తున్నదా? గిట్లయితే పుణ్యమంత ఆ గాలి సంచికే పోతది."

"మీరు అద్దాలు పెట్టుకొని పారాయణ జేస్తరు గద వదినా. పుణ్యం అద్దాలకు పోతున్నదా?"

"నోరు మాత్రం పడిపోలే నీకు!"

ఒకరోజు చికిత్సకు వెళ్ళి వచ్చేసరికి, జబ్బు తర్వాత చేసిన వత్తులు దాచుకున్న డబ్బా మూత పట్టనంత నిండి ఉంది. వదినా, కోడలూ పది రోజులుగా పక్కింట్లో కూర్చుని, మిగిలినవన్నీ చేసి తెచ్చి అందులో పోశారట.

"లక్ష అయిపోయినయ్! ఇంక నీకు కష్టం లేదు. ఆ సంచి వాపసిచ్చెయ్," అంది వదిన, ముఖమంతా నవ్వుతో.

చల్లగా ఉండండి అనాలి. అనబోయాను కూడా. నోట్లోంచి "ఎవరు చెయ్యమన్నరు?" అని వచ్చింది. వదిన నవ్వు ఆగిపోయింది.

డబ్బాను పేపరు మీద బోర్లించాను. వాళ్ళవి మల్లెమొగ్గల్లా ఒకే తీరుగా ఉన్నాయి. కోడలు కొన్నింటిని వేలితో పక్కకు తోసింది.

"అత్తమ్మా, గివి ఖరాబైనట్టున్నయి. తీసేయాల్నా?"

"తియ్యి. అవే నావి."

లావైనవీ, వంకరవీ, మొన విచ్చుకున్నవీ సాయంత్రం దాకా ఏరుకున్నాం. వదిన మూతి ముడుచుకునే కూర్చుంది గానీ, ఏరడంలో అందరికంటే చురుకు. వాళ్ళ వత్తులు రోజూ దీపానికి వాడుతున్నాను. వెలిగించినప్పుడల్లా వాళ్ళను చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతున్నాను. ఆ మాట వాళ్ళ ముఖాన చెప్పడానికే ఇంకా నోరు రావడం లేదు.

నెల తిరిగింది. ఇంకో నెల ఉంచుకోనిమ్మంటే, వేరే వాళ్ళు ఎదురుచూస్తున్నారని ఆ కన్నడ అమ్మాయి తొడుగు తీసేసుకుంది. మర్నాడు వట్టి చేతిని రెండు దిండ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వదిన వచ్చి ఎదురుగా చతికిలబడింది. దూది ఒకసారి జారింది. రెండోసారీ జారింది. వదిన చెయ్యి ముందుకు వచ్చింది.

"వదినా!"

"నేనేం జేసిన? చూస్తున్న, అంతే."

"చూసుడు గూడ చేత్తోనే జేస్తరా?"

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె రెండుసార్లు ఆవలించాక మొన మెలిక పడింది. వదిన వంగి చూసింది.

"ఇది వత్తా, బొటనవేలా?"

డబ్బాలో వేశాను. మళ్ళీ దూది తుంచుకుని, వెలుతురుకు అడ్డం కూర్చున్నారు, కాస్త జరగండి అన్నాను.