పిన్ని కొలిచిన మందు

మా సుగుణ పిన్ని చీరాల ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుంది. సిడ్నీ వచ్చాక మళ్లీ మొదటినుంచి పరీక్షలు రాసి ఇక్కడి రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. 1990లో ఒక్క మాట వల్ల అది పోయేదే. ఆ మాట వచ్చింది నా నోటినుంచి. అందుకే జోజయ్య బాబాయి మీద నాకెంత కోపం ఉందో నా మీద నాకూ అంతే ఉంది.

పిన్ని మా అమ్మకు సొంత చెల్లెలు. నేను సాహిత్యంలో ఎమ్మే చదవడానికి వచ్చి, వెస్ట్‌మీడ్‌లో వాళ్లింట్లోనే ఉండేదాన్ని. పిన్ని వారానికి ఐదు రోజులు వార్డులో, ఆదివారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో, శనివారం మాత్రం పిస్తోలు క్లబ్బులో. నర్సింగ్ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పేల్చి బహుమతులు తెచ్చుకున్న మనిషి. తోటి నర్సు ఒకామె క్లబ్బుకు తీసుకెళితే పాత చెయ్యి గుర్తొచ్చింది. లైసెన్సు తీసుకుంది. క్లబ్బు మానేస్తున్న ఒక ముసలాయన దగ్గర పాత పిస్తోలు కొనుక్కుంది.

దాని తూటా మిగతావాటిలా నిటారుగా ఉండదు. ఇత్తడి గొట్టం పైకి వచ్చేసరికి సీసా మెడలా సన్నబడుతుంది. అలాంటివి కొట్లో దొరకడం గగనం. పేలిన గొట్టాలు ఏరుకొచ్చి, వాటిని మళ్లీ సైజుకు నొక్కి, మందు పోసి, గుండు బిగించి, ఇంట్లోనే నింపుకోవాలి. పిన్ని రెండు నెలలు క్లబ్బు పుస్తకాలు తెచ్చుకుని, పరీక్షకు చదివినట్టు గీతలు గీసుకుంటూ చదివింది. తరవాతే సామాను కొనడానికి బయలుదేరింది. కారు నడపడానికి బాబాయి, ఊరికే నేను.

కొట్లో మార్క్ అనే అతను బాబాయితో చేయి కలిపి, ఇక బాబాయితోనే మాట్లాడాడు. చుట్టూ తిరిగే పళ్లెం ఉన్న పెద్ద యంత్రం చూపించాడు. పిడి లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుందట.

"మీ మిసెస్‌కి ఇదే ఈజీ. లాగడమే పని. గొట్టాన్ని సైజుకు నొక్కే అచ్చు ఉంది చూడండి, ఈ కార్బైడ్ డై, ఇది వేసుకుంటే నూనె కూడా రాయక్కర్లేదు."

బాబాయి తలూపాడు. "బాగుంది, ఇదే తీసుకుందాం సుగుణా."

"ఆ మాట నిటారు గొట్టాలకండీ," అంది పిన్ని తెలుగులో. తరవాత మార్క్ వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "నాది మెడ ఉన్న గొట్టం. నూనె రాయకుండా నొక్కితే డైలో ఇరుక్కుపోతుంది. మరీ ఎక్కువ రాస్తే మెడ కింద, భుజం దగ్గర సొట్ట పడుతుంది. ఒక్కొక్కటీ రాయాలి, నొక్కాలి, తుడవాలి, పొడవు కొలవాలి. మధ్యలో నీ పళ్లెం తిరిగి నాకేం లాభం?"

మార్క్ నవ్వి బాబాయి వైపు చూశాడు. "హోంవర్క్ చేసిందే మీ ఆవిడ."

"ఆమె నర్సు లెండి," అన్నాడు బాబాయి, క్షమాపణ చెబుతున్నట్టు.

పిన్ని మొహం ఎర్రబడింది. "కొనేది నేను. లైసెన్సు నాది. నాతో మాట్లాడు," అంది. ఒక్కసారికి ఒక్క పనే చేసే, మందపాటి ఇనప ప్రెస్ తీయించింది. తన తూటా కొలతకే చేసిన ఉక్కు డైలు తీయించింది. మందు పోసే పరికరాల్లో పెద్దది వద్దంది. తనకు పడేది చిటికెడు, పెద్దదానిలో చిటికెడు సరిగ్గా రాదు. బ్యాటరీ త్రాసు వద్దని ముల్లు త్రాసు తీసుకుంది. గొట్టం పొడవు చూసే కొలబద్ద ఒకటి. మార్క్ మూటగట్టి ఇచ్చేటప్పుడు ఆమెను మేడమ్ అన్నాడు. బాబాయి ఆ మూటను డిక్కీలో పెట్టి పైన దుప్పటి కప్పాడు. ఫెలోషిప్‌లో ఆయన్ను సంఘపెద్దగా పెట్టాలని అప్పుడే మాటలు నడుస్తున్నాయి. భార్య తుపాకి సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు.

నెల తరవాత ఒక మధ్యాహ్నం క్లారా ఆంటీ ఫోన్ చేసింది. ఫెలోషిప్ ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద దిక్కు.

"జాకీ, పిన్ని ఉందా?"

"గ్యారేజీలో ఉంది ఆంటీ. మందు కొలుస్తోంది."

"మందా? ఏం మందే?"

తుపాకి అన్న మాట ఆమె చెవిన వేయడానికి నాకు నోరు రాలేదు. "మామూలు మందే ఆంటీ," అన్నాను.

రెండు ఆదివారాలు తిరిగేసరికి పిన్ని పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. పలకరించినవాళ్లు కూడా ముఖం దగ్గరగా పెట్టి, వాసన చూస్తున్నట్టు పలకరించారు. పిన్నికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, చెప్పలేకపోయాను. బాబాయిని ఎవరో మొహం మీదే అడిగేశారు. ఆయన ఆలోచించి, భోజనాల దగ్గర పదిమంది వినేలా సర్దాడు.

"మందంటే ఆ మందు కాదమ్మా. హోమియో. సుగుణ ఇంట్లో సరదాగా చేస్తుంటుంది."

ఇది పిన్నికి చెప్పలేదు.

తరవాతి గురువారం క్లారా ఆంటీ చేతిసంచిలో నాలుగు ఖాళీ సీసాలు వేసుకుని వచ్చింది. "మోకాళ్లు పట్టేస్తన్నయ్ సుగుణా. నీ దగ్గర సన్న త్రాసుందంటగా. ఓ నెలకి సరిపోను కొలిచియ్యి."

"ఏం కొలిచియ్యాలి?"

"హోమియోనే. జోజయ్యగారు చెప్పార్లే, దాచుకుంటావెందుకు. తాగుతున్నావేమోనని మేమే పాపం కట్టుకున్నాం."

పిన్ని ఆ సీసాలను పక్కకు జరిపింది. ఆ ఉదయమే వార్డులో, ఫెలోషిప్‌వాళ్లు చూపించుకునే డాక్టర్ ద్వారకానాథ్ నవ్వుతూ, "సిస్టర్, మా అమ్మక్కూడా మీ పొట్లాలు పంపిస్తారా?" అన్నాడట. ఆ మాట ఎక్కడిదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నర్సు ఇంట్లో గుట్టుగా మందులు కట్టి ఇస్తోందని ఎవరైనా నర్సుల బోర్డుకు ఒక కాగితం రాసి పడేస్తే చాలు, విచారణ. రిజిస్ట్రేషన్ గాల్లో దీపం.

లేచి, క్లారా ఆంటీ చెయ్యి పట్టుకుని గ్యారేజీకి తీసుకెళ్లింది. ప్రెస్ చూపించింది, ఇత్తడి గొట్టాలు చూపించింది, బీరువా తాళం తీసి మందు డబ్బా చూపించింది. "ఇదీ నా మందు. తుపాకిలోకి."

క్లారా ఆంటీ ఒక గొట్టం ఎత్తి చూసి కింద పెట్టింది. "దీనికన్నా తాగుడే నయం గదే," అంది చివరికి. సీసాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

బాబాయి ఇంటికి రాగానే పిన్ని అడిగింది. "హోమియో అని మీరెందుకన్నారు?"

"మరేమనమంటావు? తుపాకులు పేలుస్తుందని చెప్పనా? నన్ను పెద్దగా పెడతారా?"

"నా ఉద్యోగం పోతే?"

"ఎవరు రాస్తారే కంప్లైంటు, మనోళ్లేగా."

"తాగుబోతని వాసన చూసింది కూడా మనోళ్లే. ఆదివారం సాక్ష్యాల టైములో మీరే లేచి చెప్పండి, అబద్ధమాడానని."

"నా వల్ల కాదు."

"మాట జారింది నేను పిన్నీ," అన్నాను, మొదటిసారిగా. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నువ్వు తెలియక జారావు. ఈయన తెలిసే తోశాడు," అంది.

మా ఫెలోషిప్‌లో పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు జ్వరం తగ్గించాడనో, వీసా ఇప్పించాడనో ఒక్కొక్కరు లేచి చెబుతారు. ఆ ఆదివారం బాబాయి తల దించుకుని కూర్చున్నాడు. పిన్ని లేచింది.

"అందరికీ వందనాలు. నేను మందు తాగను. నేను మందు ఇవ్వను. నా దగ్గర మాత్ర కాదు గదా, పొట్లం కూడా లేదు. నేను క్లబ్బులో పిస్తోలు పేలుస్తాను, దాని తూటాలో మందు పోసుకుంటాను. లైసెన్సుంది, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. హోమియో అని మా ఆయన చెప్పింది అబద్ధం. రేపు పొద్దున డాక్టర్ ద్వారకానాథ్‌గారికీ, మా ఇన్‌ఛార్జికీ ఇదే చెబుతాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. క్లారా ఆంటీ పాటల పుస్తకం తిరగేసి, తడబడి ఒక నంబరు చెప్పి ఇంకో పాట ఎత్తుకుంది.

సోమవారం పిన్ని అన్నట్టే చెప్పింది. ఇన్‌ఛార్జి విని, నోట్ చేసుకుని, వెళ్లి పని చూసుకోమంది. విచారణ రాలేదు. బాబాయిని పెద్దగా పెట్టలేదు.

అంతకు ముందు, సాక్ష్యం చెప్పిన ఆదివారం సాయంత్రమే బాబాయి గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డాడు. పిన్ని గొట్టాలకు నూనె రాస్తోంది. మందు డబ్బా బీరువాలోనే ఉంది.

"పదిమందిలో నా పరువు తీశావు," అన్నాడు.

పిన్ని తలెత్తలేదు. "ఇవాళ నాకు ఒళ్లంతా కోపంగా ఉంది. అందుకే డబ్బా తియ్యలేదు. కోపంలో మందు కొలవకూడదు, వార్డులోనైనా ఇక్కడైనా. గొట్టాలు మాత్రం నొక్కుకుంటాను. మీరు అక్కడ నిలబడితే అదీ కుదరదు."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఇంకో గొట్టం తీసి, నూనె వేలితో మెడ కింద తిప్పి, ప్రెస్‌లో పెట్టి పిడి లాగింది. రాత్రి అయ్యేదాకా అలా లాగుతూనే ఉంది. డబ్బా తీయడానికి ఆమెకు మరుసటి గురువారం దాకా పట్టింది.