గుమ్మం ముందు ఎవరి చెప్పులు?

మొన్న చిక్కడపల్లి మార్కెట్‌లో బెండకాయలు ఏరుతుంటే సైరన్ మోగింది. యుద్ధం వస్తే ఏం చేయాలో నేర్పడానికట. పిల్లలు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. నాకు మాత్రం అశోక్‌నగర్‌లో సారు ఇంటి గుమ్మం కళ్ళ ముందుకొచ్చింది.

సారు విదేశాంగ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నేను ఆయన ఇంట్లో వంటమనిషిని, పెరటి గదిలోనే కాపురం. నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. తప్పు రాస్తే, "మొహమాటపడితే చదువు రాదు యాదమ్మా, మళ్ళీ రాయి" అనేవారు.

పాతికేళ్ళ కిందట సరిహద్దులో యుద్ధం. నా కొడుకు నర్సింహ అక్కడే, మంచుకొండల మీద ఉన్నాడు. కబురు లేదు. ఒక మధ్యాహ్నం సారు కిటికీలు మూయించి, టీవీ సౌండ్ పెంచమన్నారు. లోపలి గదిలో ఆయనా, ఒక కొత్త మనిషీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. టీవీలో చనిపోయిన జవాన్ల పేర్లు చదువుతున్నారు. చాయ్ పట్టుకుని ఒక్కో పేరు దగ్గరా ఆగిపోయాను.

వంటింట్లోకి వచ్చిన సారును నిలదీశాను. "ఆయన ఆ దేశపాయనేనా?"

"అవును."

"దుష్మన్‌ను ఇంట్ల కూసోబెట్టి చాయ్ పోయిస్తరా? నా కొడుకు ఆడున్నడు!"

"అందుకే పోయిస్తున్నాను. కాల్పులు ఆపే దారి వెతుకుతున్నాం. బయటికి పొక్కితే రెండు దేశాల వాళ్ళూ మమ్మల్ని ఎరగమంటారు. మాటలు అంతటితో సరి."

అప్పుడు గుర్తొచ్చింది. వచ్చినాయన మర్యాదగా చెప్పులు బయటే విడిచాడు. అడ్డపట్టీల మందపాటి తోలు చెప్పులు, అవతలి దేశం నాయకుల కాళ్ళకు టీవీలో రోజూ చూసే రకం. పొద్దునే నారాయణగూడ చౌరస్తాలో ఆ నాయకుల దిష్టిబొమ్మ కాల్చారు. గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. పక్కింటి ఈశ్వరయ్య గోడ మీద నుంచి వాటినే చూస్తున్నాడు.

"గివి ఎవరివి యాదమ్మా? కొత్తగున్నయ్."

"మా తమ్మునివి." కొంగులో చుట్టి లోపలికి తెచ్చాను. ఈశ్వరయ్య గోడ దగ్గరే ఉన్నాడు.

నర్సింహ పోతూ విడిచిన రబ్బరు చెప్పులు నా గదిలో ఉన్నాయి. మళ్ళీ వాడే తొడుక్కోవాలని ఎవరినీ ముట్టనివ్వలేదు. అవి తెచ్చి వచ్చినాయన కాళ్ళ ముందు పెట్టాను. "నా కొడుకువి. వాడు ఆ కొండల మీదున్నడు" అన్నాను, నాకొచ్చిన హిందీలో. ఆయన చాలాసేపు వాటిని చూసి, తొడుక్కున్నాడు. అడుగున ఆయన చెప్పులు దాచిన కూరల సంచీ చేతికిచ్చి, సందు చివర ఆగిన కారు దాకా నేనే ముందు నడిచాను.

"తమ్ముడు మాట్లాడడేంది?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఇంట్ల పెండ్లాం మాట్లాడనియ్యదు. ఈడ నువ్వు మాట్లాడిస్తవా?" అన్నాను.

కొన్ని వారాలకు కాల్పులు ఆగాయి. నర్సింహ వచ్చాడు. "నా చెప్పులేవే?" అన్నదే వాడి మొదటి మాట. ఆ మధ్యాహ్నం వల్లనే వచ్చాడా అని సారును అడిగాను. "తెలియదు. తెలిసినా చెప్పను" అన్నారు. చెప్పకుండానే కన్నుమూశారు.

మొన్న సైరన్ ఆగాక అశోక్‌నగర్ గల్లీలోంచే ఇంటికి నడిచాను. ప్రతి గుమ్మం ముందూ చూశాను. అన్నీ మనవాళ్ళ చెప్పులే. అవతలి నుంచి మాట్లాడటానికి వచ్చిన జత ఒక్కటీ లేదు. అదే నా భయం.