నేల కాగితం, నూనె కాగితం

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరి లైబ్రరీలో చమురు మీద పుస్తకాలు రెండు అరల నిండా ఉన్నాయి. నా చదువు ఇంటర్‌తో ఆగింది. వీసా కారణంగా ఉద్యోగం చేయడానికి వీల్లేని ఏళ్లలో, మా ఆయన ఆఫీసుకి వెళ్తూ నన్ను అక్కడ దింపేవారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ రెండు అరలూ పూర్తి చేశాను. పెన్సిల్వేనియాలో మొదట చమురుకోసం డ్రిల్లింగ్ చేసినవాళ్లు ఉప్పునీటి బావులవాళ్ల పద్ధతే వాడారని, బరువైన ఇనుప ఉలిని తాడుకు కట్టి ఎత్తి పడేస్తూ రాతిని పిండి చేసేవారని, మట్టి కూలకుండా ఇనుప గొట్టం దిగ్గొట్టారని ఎప్పుడడిగినా చెప్పగలను.

అందుకే పోయిన ఏడాది పక్క ఊరు కాపెల్‌లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి వచ్చిన, మాకు బాగా తెలిసిన అంకుల్ ఒకాయన జేబులోంచి చిన్న సీసా తీసి అందులోని నల్లటి నూనె అందరికీ చూపిస్తుంటే నేను ముందు ఆయన ముఖం చూశాను.

"మన సొంత బావి! వెస్ట్ టెక్సస్‌లో ల్యాండ్ కొన్నా. పంపు దాంట్లోనే ఉంది. ఇంకో ఐదు ఫ్యామిలీలు కలిస్తే షేర్ చేసుకుందాం."

మా ఆయన సీసా మూత తీసి వాసన చూశారు. "ఒరిజినలే!"

"ఎలక్ట్రిక్ కారు నడిపేవాడివి, నీకు ఆయిల్ వాసనేం తెలుసురా?" అన్నాడు మా ఆయన స్నేహితుడొకడు. అందరూ నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన అసలు సంగతి చెప్పారు. "వచ్చే ఆదివారం సైన్ చేస్తానని చెప్పా."

ఇల్లు కొనడానికి ఆరేళ్లుగా దాచుకున్నది తప్ప మా దగ్గర వేరే ఏమీ లేదు. చమురు బావుల తొలి రోజుల్లో మోసగాళ్లు వేరేచోట కొన్న నూనెను ఎండిన బావిలో పోసి, కొనేవాళ్లు రాగానే తోడి చూపించేవారని చెప్పాను.

"నీ లైబ్రరీ అంతా తెచ్చి ఆయన నెత్తిన పెట్టకు. మన పాప అన్నప్రాసనకి వంటంతా ఆంటీయే చేసింది."

"చేసింది. సంతకం పెట్టే ముందు బావి చూసొద్దాం."

శనివారం అంకులే తన కారులో తీసుకెళ్లారు. ఐదు గంటల దారి. మధ్యలో మాకు కాఫీలు కొనిస్తే, ఇంత మర్యాద ఎందుకా అని దాన్నీ అనుమానించాను.

పొలం చేరాక మాత్రం నా లెక్క తప్పింది. ఇనుప పంపు గుర్రం తల ఊపినట్టు పైకీ కిందికీ ఊగుతోంది. పక్కనే పెద్ద ట్యాంకు. మేం చూస్తుండగానే ఒక ట్యాంకర్ వచ్చి, గొట్టం తగిలించి, నూనె నింపుకుంది. డ్రైవరు మాకు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

"చూశావా అమ్మా? ఇంక డౌట్ లేదుగా?" అన్నారు అంకుల్.

"అతను మీ సంతకం తీసుకోలేదే అంకుల్?"

"రోజూ వచ్చేవాడే అయ్యుంటాడు."

"గేటు మీద బోర్డులో ఉన్న కంపెనీ ఎవరిది?"

"మెయింటెనెన్స్ వాళ్లేమో. కొని మూడు నెలలే కదమ్మా, అన్నీ ప్రాసెస్‌లో ఉన్నాయి."

చదివిన ఇంకో సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలంలో బావులు తవ్వినవాళ్లు చాలామంది పొలం కొనలేదు. కింద ఉన్న నూనె తీసుకునే హక్కుకే రైతుతో విడిగా కాగితం రాయించుకుని, వచ్చినదాంట్లో వాటా ఇచ్చేవారు. పైన నేల ఒకరిది, కింద నూనె ఇంకొకరిది కావచ్చు.

"ల్యాండ్ పేపర్ సరే. ఆయిల్ పేపర్ ఏది అంకుల్?"

ఆయన పగలబడి నవ్వారు. "ల్యాండ్ నాదైతే లోపల ఉన్నది పక్కోడిదా? మా నల్గొండల మన చేన్ల బోరేస్తే నీళ్లెవలియమ్మా?"

మా ఆయనా నవ్వారు. మా ఊళ్లోనూ అంతే కాబట్టి నాకూ ఒక్క క్షణం అది న్యాయంగానే అనిపించింది. అయినా కాగితాలు అడిగాను. కారు బానెట్ మీద పరిచి ఒక్కో వాక్యమూ చదివాను. మూడో పేజీలో ఉంది. ఈ నేల కింది ఖనిజాలూ చమురూ పాత యజమానులు తమకే ఉంచుకున్నారు, ఈ అమ్మకంలో అవి చేరవు. పైకి రెండుసార్లు చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

అంకుల్ కాగితం లాక్కుని ఆ వాక్యం కింద వేలు పెట్టి చదివారు. "ఈ లైన్ నాకెవ్వరూ చెప్పలేదు," అన్నారు. ఆ గొంతు విని నాకు జాలేసింది. కానీ మూడో పేజీ మూల నేను తెరిచేసరికే మడిచి ఉంది. దాన్ని ఎవరు మడిచారో నాకిప్పటికీ తెలియదు.

ఆదివారం పొద్దున మా ఆయన ఫోన్ చేసి "మేం రావట్లేదు అంకుల్" అన్నారు. ఆయన "సరే బాబూ" అని పెట్టేశారు. మిగతావాళ్లకి చెప్పానని గానీ, చెప్తానని గానీ అనలేదు.

దాంతో వాటా కొంటామన్న మిగిలిన నాలుగు ఇళ్లకీ నేనే ఫోన్ చేసి, ఫొటోలోని వాక్యం చదివి వినిపించాను. చివరి ఇంటి ఆంటీకి కోపం వచ్చింది. "నీకు ప్రతిదానికీ అనుమానమేనమ్మా. అంత మంచాయన్ని పట్టుకుని..."

అంతలో అవతల టీవీ చప్పుడు ఆగింది.

"ఏదీ, ఆ మాట ఇంకోసారి చదువు," అంది. "మెల్లగా. మా ఆయన్ని కూడా పిలుస్తానుండు."