కుర్చీతో సహా నాగరత్నమ్మ బరువు

ఇది 2022 నాటి మాట. నేను బెంగళూరు శివార్లలో, చందాపుర దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. మా యూనిట్‌లో ఏ పని మొదలవ్వాలన్నా ముందు బరువు చూడాలి. కిడ్నీలు చెడినవాళ్లు తాగిన నీళ్లు చాలావరకు ఒంట్లోనే నిలిచిపోతాయి. ఆ అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటాం. వచ్చినప్పటి బరువులోంచి దాన్ని తీసేస్తే డయాలసిస్ మెషిన్ ఎంత నీరు లాగాలో తెలుస్తుంది. తక్కువ లాగితే ఆయాసం, ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది.

ఆ బరువు చూసే మెషిన్ మాత్రం మెట్టంత ఎత్తున ఉండేది, ఎక్కి నిలబడగలిగేవాళ్లకే.

నాగరత్నమ్మది ఆ పక్కనే ఉన్న ఆనేకల్. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే చీరలకు ఫాల్ కుట్టి, కొంగులకు కుచ్చులు కట్టి కూతురు కవితను పెంచిన మనిషి. వారానికి మూడుసార్లు వచ్చేది. ఆవిడను తూచడానికి మాకు ఉన్న పద్ధతి ఒక్కటే. నేను ఆవిడను చేతుల మీద ఎత్తుకుని మెషిన్ ఎక్కేవాణ్ణి, తర్వాత ఒక్కణ్ణే ఎక్కేవాణ్ణి, రెండోది మొదటిదాంట్లోంచి తీసేసేవాళ్లం. ఇదంతా వరండాలో, బెంచీల మీద కూర్చున్న అందరి ముందూ జరిగేది. ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కునేది.

ఒకరోజు నేను వంగగానే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దప్పా. బియ్యం మూటను ఎత్తినట్టు ఎత్తుతాండావు. నాకి బేజారైపోయుండాది."

ఆ రోజు అంచనాతో నడిపాం. మామూలుగా అయితే పాదాల వాపు చూసి కొంత పోల్చుకుంటాం. ఆవిడ కాళ్లు సన్నగా ఎండిపోయి ఉండేవి, వాటిలో ఏ వాపూ సరిగా తెలిసేది కాదు. నీరు ఎక్కువ లాగేశాం. కండరాలు పట్టేసి ఆవిడ మంచం కమ్మీని గట్టిగా పట్టుకుంది, బీపీ పడిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు రాలేదు. మూడోసారి కవిత ఆటోలో తీసుకొచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి మాట కూడా రావడం లేదు. ఎలాగో గట్టెక్కించాం.

ఊపిరి తిరగగానే ఆవిడ అన్న మొదటి మాట, "కుర్చీలోనే తూచేటట్టుంటే వస్తాను. లేదంటే ఇదే కడసారి, ఇంక రాను."

కవిత ఏడుస్తూ నా వైపు చూసింది. "మా అమ్మ ఊరికే అనదన్నా. అన్నదంటే అంతే."

ఆవిడ రాకపోతే ఏమవుతుందో మా యూనిట్‌లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు భయం వేసింది, ఒళ్లు మండింది కూడా. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక మనిషి బరువు చూడ్డానికి ఆమె సిగ్గు తీయాలా?

మర్నాడు టీ కోసం క్యాంటీన్ వెనక్కి వెళ్తే స్టోరులో బియ్యం మూటలు దిగుతున్నాయి. నేల మీద వెడల్పాటి ఎలక్ట్రానిక్ కాటా. మూటను ఎవరూ ఎత్తడం లేదు, ఈడ్చి పలక మీదికి నెడుతున్నారు. టీ అక్కడే వదిలేసి మా డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ స్టోరుకొచ్చి ఆ కాటా ఎక్కింది, యూనిట్‌కెళ్లి మా మెషిన్ ఎక్కింది. రెండూ ఒకే బరువు చూపించాయి.

"కాటా సరిగ్గానే ఉంది. నా బరువు మాత్రం బయట చెప్పావంటే ఊరుకోను," అంది.

కాటాను శుభ్రంగా కడిగి యూనిట్‌కి తెచ్చాం. వడ్రంగి చేత ఒక పలక వాలుగా కొట్టించాం. నాగరత్నమ్మ తన చేతులతోనే చక్రాలు తోసుకుంటూ ఎక్కింది. ఖాళీ కుర్చీని ముందే తూచి పెట్టుకున్నాం కాబట్టి లెక్క తేలికైంది. అయినా మొదటిరోజని లెక్కకన్నా తక్కువ నీరే లాగాం.

డయాలసిస్ అయ్యాక మళ్లీ తూచితే లెక్క కుదరలేదు. లాగిన నీటికన్నా బరువు చాలా ఎక్కువ తగ్గింది. బీపీ చూస్తే నిక్షేపంగా ఉంది. ఆవిడ కుర్చీ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమి నవ్వింది. "సంచి యాడప్పా? దాంట్లో క్యారియరూ నీళ్ల బాటిలూ ఉండాయి కదా, కవిత తీసుకుపోయుండాది." అదే రోజు గోడకు ఒక కొక్కెం కొట్టించాం. కాటా ఎక్కేముందు సంచి దానికి తగిలించడం మా యూనిట్‌లో పద్ధతైంది.

వారం తిరక్కుండా మేనేజర్ వచ్చాడు. "క్యాంటీన్ కాటా ఇక్కడేంటి? ఒక్క పేషెంట్ కోసం ఇదంతానా?"

డాక్టరమ్మ వరండా చూపించింది. మోకాళ్ల నొప్పుల ముసలావిడ, వాకర్‌తో నడిచే పెద్దాయన, గర్భిణి ఒకామె, అందరూ ఆ వాలు పలక దగ్గరే వరసలో ఉన్నారు. పాత మెషిన్ దగ్గర ఒక్కరూ లేరు. నాగరత్నమ్మ ఆ వరసలోంచే మేనేజర్‌ని పలకరించింది. "సార్, బియ్యానికి మీరిచ్చే మర్యాద ఇప్పుడు మాకూ దొరుకుతాండాది."

వరసలో అందరూ నవ్వారు. ఆయనకు కూడా నవ్వక తప్పలేదు. ఆ ఏడే యూనిట్ గుమ్మం దగ్గర నేలను తవ్వి, నేలకు సమంగా కొత్త కాటా దించారు. మొదట దాటింది నాగరత్నమ్మే. ఆవిడ డ్రై వెయిట్ సరిగ్గా తేలాక కండరాలు పట్టేయడం పోయింది. మళ్లీ ఒక్కసారి కూడా డయాలసిస్ మానలేదు. మెషిన్ మీద ఉన్నంతసేపూ కొత్త కుచ్చుల డిజైన్ల గురించి నాకు పాఠాలు చెప్పేది.

ఆ మెట్టు ఎక్కలేకపోవడం ఆవిడ కష్టమని నేను అన్నాళ్లూ అనుకున్నాను. మెట్టు తీసేసిన రోజున అది మేం కట్టిన కష్టమని అర్థమైంది. ఇప్పుడు ఏ పేషెంట్ "రాను" అన్నా, ముందు మా గుమ్మం వైపు చూస్తాను.

మొన్న ఒక కుర్రాడు యాక్సిడెంట్‌లో నడుము దెబ్బతిని, కొత్తగా చక్రాల కుర్చీలో వచ్చాడు. కాటా చూడగానే తలదించుకుని, ఎత్తమన్నట్టు నా వైపు చేతులు చాపాడు. నేను నోరు తెరిచేలోపే లోపలి బెడ్ మీదినుంచి నాగరత్నమ్మ గొంతు వినబడింది.

"దిగొద్దప్పా. నువ్వు కుర్చీతోనే రా."